అవ్వ నుంచి మనుమరాలి దాకా: ఇంటిల్లిపాది కలిసి చూసే కార్టూన్ ఎట్లా ఎంచుకోవాలి?

కార్టూనే గదా, పిల్లలు ఏదడిగితే అది పెడితే సరిపోతుందనుకుంటే పావుగంటలో తాత లేచి అరుగు మీదికి పోతాడు. తొమ్మిదో తరగతి పిల్లగాడు ఫోన్ తీస్తాడు. టీవీ ముందు మిగిలేది మూడేళ్ల పాప ఒక్కతే. పోనీ, పెద్దపిల్లల ఇష్టానికి వదిలేస్తే ఆ పాప అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తుంది.

నాలుగు వయసులవాళ్లున్న ఇంట్లో అందరి వయసూ కలిపి మధ్యరకంగా ఏదో ఒకటి తేవడం కుదరదు. భయాన్ని అందరికన్నా చిన్నవాళ్లను బట్టి కొలవాలి. భాషను అందరికన్నా పెద్దవాళ్లను బట్టి కొలవాలి. విసుగును మాత్రం పది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లను బట్టి చూడాలి, ఎందుకంటే ముందుగా ముఖం తిప్పేది వాళ్లే. ఈ మూడు కొలతలూ దాటిన కార్టూన్ అమ్మానాన్నలకు ఎలాగూ నచ్చుతుంది, వాళ్ల గురించి విడిగా ఆలోచించనక్కర్లేదు.

1. ముందు ఎవరెవరు కూర్చుంటున్నారో తేల్చుకోండి

పేర్లు అనుకుని ఒక్కొక్కరి పక్కన మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి: ఏ భాష చెవికి అందుతుంది, ఎంతసేపు కదలకుండా కూర్చోగలరు, దేనికి భయపడతారు లేదా బాధపడతారు.

రెండేళ్లలోపు బిడ్డను లెక్కలోంచి తీసేయండి. ఆ వయసులో తెర అసలే వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. బిడ్డ నిద్రపోయే వేళ చూసుకుని మిగతావాళ్లు కూర్చుంటే మంచిది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజు మొత్తం మీద గంట దాటకూడదు, అదీ పక్కన పెద్దవాళ్లుంటేనే. ఇక్కడే చాలా ఇళ్లల్లో లెక్క తప్పుతుంది. పొద్దున అన్నం తినిపించేటప్పుడు ఫోన్‌లో చూపించిన అరగంట కూడా ఆ గంటలోదే. సాయంత్రం కలిసి చూడాలనుకున్న రోజు పొద్దున ఫోన్ దాచేయండి.

పెద్దవాళ్ల భాష విషయంలో ఊరికే అనుకోవద్దు, అడగండి. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పెరిగిన చాలామంది తాతలకు హిందీ, ఉర్దూ అలవాటే. కానీ నర్సంపేట అవతలి నుంచో, ఏటూరునాగారం వైపు నుంచో వచ్చిన అవ్వకు హిందీ సీరియల్ కొంత అర్థమైనా హిందీ కార్టూన్ అందదు. కార్టూన్‌లో గొంతులు సన్నగా, గబగబా, అరుపులతో ఉంటాయి. వయసు మీద పడ్డాక ముందు తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తే. అవ్వ "నాకు నచ్చలే" అన్నదంటే చాలాసార్లు "నాకు వినిపిస్తలేదు" అని అర్థం.

2. తెలుగు ఉందో లేదో ముందే పెట్టి చూడండి

"ఇయ్యాల సినిమా చూద్దాం" అని పిల్లలకు చెప్పకముందే చేయాల్సిన పని ఇది. టీవీ చానళ్లలో పోగో, కార్టూన్ నెట్‌వర్క్, నిక్ లాంటివాటికి ఒకే బొమ్మ మీద రెండు మూడు భాషల ఆడియో వస్తుంది. డిష్ రిమోట్ మీద ఆడియో లేదా లాంగ్వేజ్ అనే మీట ఉంటుంది. ఒకసారి నొక్కి తెలుగు ఎంచుకుంటే సరి. కొన్ని బాక్సుల్లో చానల్ మార్చగానే మళ్లీ హిందీకి పోతుంది. అప్పుడు బాక్సు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొదటి భాషగా తెలుగు పెట్టాలి. కేబుల్‌వాళ్లు ఒక్క ఆడియోనే పంపుతుంటే మీట ఎన్నిసార్లు నొక్కినా మారదు, అది మీ టీవీ తప్పు కాదు. పూర్తిగా తెలుగులోనే వచ్చేది కావాలంటే ఖుషీ టీవీ ఉంది.

ఓటీటీలో మోసపోయేది ఎక్కడంటే, థియేటర్లో తెలుగులో ఆడిన ప్రతి సినిమాకూ ఓటీటీలో తెలుగు ఆడియో ఉంటుందని నమ్మడం దగ్గర. సినిమా పేజీలో ఆడియో జాబితా చూడండి, ఒక్క నిమిషం ఆడించి చెవితో వినండి. తెలుగు లేకపోతే సబ్‌టైటిళ్లు ఉన్నాయి గదా అని సరిపెట్టుకోవద్దు. చదువు రాని పెద్దవాళ్లకు, ఇంకా అక్షరాలు కూడబలుక్కునే ఏడేళ్ల పిల్లలకు అవి పనికిరావు.

అట్లాంటప్పుడు ఇద్దరి మధ్య దుబాసీని పెట్టడం పాత ఉపాయం. పదేళ్ల మనుమరాలిని అవ్వ పక్కన కూర్చోబెట్టి చెప్పమంటాం. ఇది పది నిమిషాల కార్టూన్‌కు పనిచేస్తుంది, గంటన్నర సినిమాకు పనిచేయదు. ఆ పిల్ల సినిమా చూడలేదు, అవ్వ సగమే వింటుంది, మిగతావాళ్లు "ష్" అంటుంటారు. అంతకన్నా మొదలుపెట్టే ముందే ముగ్గురి పేర్లు, వాళ్ల వరస చెప్పేయండి: "ఈ పిల్లగాడు ఫలానా, వాళ్ల అవ్వ ఈమె, వీళ్లింట్ల పాటలు పాడనియ్యరు". వరసలు తెలిస్తే మన పెద్దవాళ్లు మిగతా కథ అల్లుకుంటారు.

పైన చెప్పిన వరస 2017లో వచ్చిన 'కోకో'ది. మెక్సికో దేశంలో చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగ చుట్టూ తిరిగే కథ. ఆ పండుగ గురించి తెలియకపోతే తెరమీద ఎముకలగూళ్లు ఎందుకు తిరుగుతున్నాయో పెద్దవాళ్లకు బోధపడదు. "అది వాళ్ల పెత్రమాస" అని ఒక్క ముక్క చెప్పండి. ఎంగిలిపూల బతుకమ్మ రోజున పెద్దలకు బియ్యమిచ్చే ఇంట్లో ఇక వేరే వివరణ అక్కర్లేదు.

3. భాష కుదరకపోతే మాటల్లేనివి తెచ్చుకోండి

మూడేళ్ల పాప, డెబ్బై ఏళ్ల తాత ఒకేచోట నవ్వేది ఎక్కువగా వీటి దగ్గరే. కొత్తగా మొదలుపెట్టే కుటుంబానికి మా మొదటి సలహా కూడా ఇదే.

'టామ్ అండ్ జెర్రీ' తెలియని ఇల్లు లేదు. కానీ ఏది పెట్టాలన్నది తెలియాలి. 1940 నుంచి 1958 దాకా హానా, బార్బెరా కలిసి ఎంజీఎం అనే అమెరికా సినిమా సంస్థ కోసం తీసినవి అసలైనవి. వాటికి ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలు. పిల్లి అడుగు వేస్తే వాద్యం కూడా అడుగు వేస్తుంది కాబట్టి చూపు మసకగా ఉన్నవాళ్లు కూడా శబ్దంతోనే కథ పట్టుకోగలరు. తర్వాతి కాలంలో వచ్చిన కొన్నింటిలో మాటలు ఎక్కువ, సంగీతం తక్కువ. ఒక జాగ్రత్త: పాతవాటిలో సుత్తి దెబ్బలే కాదు, సిగరెట్లు, మందు, నల్లవాళ్లను వెక్కిరించే బొమ్మలు కూడా కనిపిస్తాయి. నాలుగేళ్ల పిల్లలు దెబ్బను నవ్వుతూ చూసి, మరునాడు తమ్ముడి మీద చేసి చూస్తారు. "టామ్‌కు నొప్పి లేదు, బొమ్మ గాబట్టి. తమ్మునికి ఉంటది" అని చూస్తున్నప్పుడే చెప్పాలి. తర్వాత చెప్పినా ఎక్కదు.

'షాన్ ద షీప్' మా లెక్కలో ఇంకా మంచిది. ఇంగ్లండ్‌లోని ఆర్డ్‌మన్ వాళ్లు మట్టిబొమ్మలను కొంచెం కొంచెం కదిలిస్తూ ఒక్కో ఫొటో తీసి చేసింది. 2007లో మొదలైంది. ఒక్కోటి ఏడు నిమిషాలు, ఒక్క మాట ఉండదు. ఆసామి కూడా గొణుగుతాడే తప్ప మాట్లాడడు. గొర్ల మంద, కాపలా కుక్క, ఏమీ పట్టని యజమాని. ఇంట్లో ఎవరికైనా గొర్లు కాసిన అలవాటు ఉంటే పిల్లలకన్నా ముందు వాళ్లే నవ్వుతారు. మందలో ఒక్కటి దారి తప్పితే మిగతావి ఎట్లా పోతాయో తెలిసినవాళ్లకు అందులో సగం హాస్యం ఊరి సంగతే. గంటన్నరలోపు నిడివితో 2015లో వచ్చిన దీని సినిమాలో కూడా మాటలు లేవు.

'మైటీ లిటిల్ భీమ్' హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్లది, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అదే సంస్థ చేసిన ఛోటా భీమ్ ఇందులో పాకే వయసు బాబు. లడ్డూల కోసం వాడు చేసే అల్లరి తప్ప మాటలు దాదాపు ఉండవు. రెండున్నర నుంచి ఐదేళ్ల వాళ్లకు, అవ్వలకు బాగా కుదురుతుంది. పన్నెండేళ్ల వాళ్లు రెండోదానికే లేచిపోతారు, వాళ్లను బలవంతంగా ఆపకండి.

పదేళ్లు దాటినవాళ్లూ కూర్చోవాలంటే 'వాల్–ఈ' ఉంది. 2008లో వచ్చింది, నిడివి 98 నిమిషాలు. మొదటి అరగంటలో మాటలు దాదాపు లేవు, చెత్త ఎత్తే ఒంటరి యంత్రం కథ. లాత్వియా నుంచి వచ్చిన 'ఫ్లో'లోనైతే మొదటి నుంచి చివరిదాకా మాటే లేదు. ఒక పిల్లి, కొన్ని జంతువులు వరదలో పడవ మీద పోతుంటాయి. 2025లో ఆస్కార్ గెలిచింది. దీన్ని పెట్టేముందు ఆగి ఆలోచించండి. 2023 జూలైలో మోరంచవాగు మోరంచపల్లి మీదికి వచ్చిన రాత్రిని, వరంగల్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చిన రోజులను కళ్లారా చూసిన పిల్లలు, పెద్దవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లకు నీళ్లు పెరిగే బొమ్మ బొమ్మలా ఉండదు.

ఎండకాలం మధ్యాహ్నాలకు కూడా మాటల్లేనివే సరి. కూలర్ మోతలో ఏ డైలాగూ వినిపించదు. సౌండ్ పెంచితే వినేవాళ్లకు తలనొప్పి తప్ప మాట తేటగా రాదు.

4. భయం ఎక్కడుందో వెతికి పట్టుకోండి

మొత్తం సినిమా ముందే చూసే తీరిక ఎవరికీ ఉండదు. మూడు చోట్ల చూస్తే చాలు. మొదటి పది నిమిషాలు, మొత్తం నిడివిలో ముప్పావు వంతు చుట్టుపక్కల, చివరి పది నిమిషాలు. వంద నిమిషాల సినిమా అయితే 70 నుంచి 80 మధ్య చూడండి. దుష్టుడు పూర్తి రూపంలో బయటపడేది, చీకటి, ఉరుములు, కేకలు వచ్చేది ఎక్కువగా అక్కడే. సౌండ్ పెట్టుకునే చూడాలి. చిన్నపిల్లలను బెదరగొట్టేది సగం సంగీతమే.

మొదటి పది నిమిషాలు ఎందుకంటే, పేరున్న కుటుంబ సినిమాలు చాలావాటిలో చావు మొదట్లోనే ఉంటుంది. 'ఫైండింగ్ నీమో'లో తల్లి చేప చనిపోయేది మొదటి ఐదు నిమిషాల్లోనే. 'అప్' సినిమా మొదట్లోనే ఒక జంట పెళ్లి నుంచి ముసలితనం దాకా గడిచిపోతుంది, భార్య చనిపోతుంది. పిల్లలకు అది పెద్దగా పట్టదు. ఈమధ్యే తోడు పోయిన తాత ఇంట్లో ఉంటే ఆ సాయంత్రానికి ఇంకోటి ఎంచుకోండి. 1994 నాటి 'లయన్ కింగ్'లో తండ్రి సింహం చనిపోయేది అరగంట దాటాక. అప్పటికి పిల్లలు కథలో మునిగి ఉంటారు కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఏ వయసుకు ఏది భయమో కూడా వేరుగా ఉంటుంది. ఐదారేళ్లలోపు వాళ్లను భయపెట్టేది రూపం: మనిషి మృగంగా మారడం, కోరలు, ఎర్రటి కళ్లు. అది అబద్ధమని ఎంత చెప్పినా వాళ్లకు అందదు. ఒళ్లోకి తీసుకోవాలి, లైటు వేయాలి, అవసరమైతే ఆపాలి. ఎనిమిది దాటినవాళ్లకు రూపం భయం తగ్గి, జరగగలిగినవాటి భయం మొదలవుతుంది: అమ్మ ఆస్పత్రిలో ఉండటం, తప్పిపోవడం, ఇల్లు కాలిపోవడం. వీళ్లకు మాట పనిచేస్తుంది.

దేవుడి కథ కాబట్టి పిల్లలకు మంచిదేననుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. 2025 జూలైలో వచ్చిన 'మహావతార్ నరసింహ'కు ధర్మపురి, యాదగిరిగుట్ట మొక్కులున్న ఇళ్లల్లో అవ్వలు, తాతలు ముందు వరసలో కూర్చుంటారు. ప్రహ్లాదుడి కథ వాళ్లకు కొట్టిన పిండి. కానీ ఆ కథలోనే తండ్రి కొడుకును చంపించబోవడం ఉంది, స్తంభం చీల్చుకుని ఉగ్రరూపం రావడం ఉంది, పేగులు చీల్చడం ఉంది. నాలుగేళ్ల పిల్లకు ఆ రూపం దేవుడా రాక్షసుడా తెలియదు. చిన్నవాళ్లుంటే ఆఖరి ఘట్టానికి ముందే వాళ్లను వేరే గదిలోకి పంపండి. లేదంటే ఆ కథను అవ్వ నోటితోనే చెప్పించండి, ఎక్కడ మెల్లగా చెప్పాలో ఆమెకు తెలుసు.

దీనికన్నా మెత్తగా ఉండేది జపాన్, భారత్ కలిసి చేసిన 1993 నాటి రామాయణం. యుగో సాకో పూనుకుని తీయించారు. 2025 జనవరిలో తెలుగు మాటలతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. నిడివి 135 నిమిషాలు. ఒకే ఊపున పెట్టొద్దు. సీతాపహరణం దాకా ఒక రోజు, మిగతాది ఇంకో రోజు. ఊళ్లో చిరుతల రామాయణం ఆడినవాళ్లో, చూస్తూ పెరిగినవాళ్లో ఇంట్లో ఉంటే, "మన దగ్గర ఈ ఘట్టం ఇట్లా ఆడం" అని మధ్యలో అందుకుంటారు. అది ఆపొద్దు, సినిమానే ఆపి వినండి.

సర్టిఫికెట్ మీద కూడా ఓ కన్నేయండి. ఓటీటీలకు 2021 నిబంధనల ప్రకారం యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అని అయిదు రకాలు. థియేటర్ సినిమాలకు కూడా 2024లో ఇదే పద్ధతి వచ్చింది. ఆ అంకె పెద్దవాళ్లు పక్కన లేకుండా చూసే పిల్లల కోసం హద్దు మాత్రమే, మీ ఇంటి పాప గుండెధైర్యం దానికి తెలియదు. యు/ఏ 13+ ఆపై వాటికి తాళం పెట్టే ఏర్పాటు ఓటీటీలు ఇవ్వాల్సిందే. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో నాలుగంకెల పిన్ పెట్టండి, అది పుట్టిన సంవత్సరం కాకుండా చూడండి.

స్టూడియో పేరు చూసి నమ్మడం ఇంకో చిక్కు. జపాన్‌లోని జిబ్లీ స్టూడియో 1988లో ఒకే రోజు రెండు సినిమాలు విడుదల చేసింది. 'మై నైబర్ టోటోరో'లో దుష్టుడే లేడు. ఊరు, పొలాలు, వాన, ఇద్దరు అక్కాచెల్లెళ్లు, అడవిలో ఓ పెద్ద జీవం. తెలుగు ఆడియో దొరక్కపోయినా బొమ్మతోనే చాలావరకు అర్థమవుతుంది. రెండోది 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'. యుద్ధంలో ఆకలితో చనిపోయే అన్నాచెల్లెళ్ల కథ. బొమ్మల సినిమానే, కానీ పిల్లలకు చూపించేది కాదు. 'షిన్‌చాన్' సంగతీ అంతే. దాని మూలమైన బొమ్మల కథ 1990లో జపాన్‌లో పెద్దవాళ్ల పత్రికలో మొదలైంది. ఆరేళ్లలోపు పిల్లలు అందులోంచి తెచ్చుకునేది తల్లికి ఎదురు మాట్లాడే తీరు ఒక్కటే.

5. నిడివిని కలిపి పేర్చండి

గంట కూర్చునేటప్పుడు ఒకే పెద్దది పెట్టడం కన్నా చిన్నది ముందు, పెద్దది తర్వాత పెట్టండి. మొదట ఏడు నిమిషాల మాటల్లేనివి రెండు. అందరూ స్థిమితపడతారు, ఆలస్యంగా వచ్చినవాళ్లు కలుస్తారు. తర్వాత ఇరవై నిమిషాల ఎపిసోడ్ ఒకటి. అక్కడికి చిన్నవాళ్ల వాటా అయిపోతుంది. వాళ్లు పడుకున్నాక మిగతావాళ్లు ఇంకొకటి చూసుకోవచ్చు. వరస తిరగేసి పెద్దది ముందు పెడితే చిన్నవాళ్లు ఇరవయ్యో నిమిషంలో లేచి తెర ముందు ఆడతారు, పెద్దవాళ్లు కసురుతారు, సాయంత్రం అక్కడితో సరి.

అవ్వ సీరియల్ వేళకు అడ్డం వెళ్లకండి. ఎంత మంచి కార్టూన్ అయినా దానితో పోటీకి నిలవదు. ఆదివారం పొద్దున పదింటికో, సాయంత్రం ఐదింటికో పెట్టుకుంటే గొడవుండదు. రాత్రయితే నిద్రకు గంట ముందే ఆపేయాలి.

6. మధ్య వయసు పిల్లలను దువ్వండి

పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు కార్టూన్ అంటే చిన్నతనం. పిలిస్తే రారు. వాళ్లకు పని ఇవ్వాలి: ముందుగా మూడు చోట్ల చూసి "చెల్లెకు పనికొస్తదా" అని చెప్పే బాధ్యత వాళ్లదే చేయండి. రిమోట్ వాళ్ల చేతిలో ఉంటుంది, భయపడే చోటు వచ్చేముందు సైగ చేస్తారు. బాగా పనిచేస్తుంది.

వాళ్ల స్థాయికి తగ్గ కథ కూడా వారానికొకటి ఉండాలి. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు, ఒక్కోటి ఇరవై మూడు నిమిషాలు. అమ్మానాన్నలూ లీనమైపోతారు, ఏడేళ్లు దాటినవాళ్లు చూడవచ్చు. 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్', 'కుంగ్‌ఫూ పాండా' మొదటి భాగాలు రెండూ వంద నిమిషాల్లోపే. కత్తులు, తెగే తలలు ఉన్న 'డీమన్ స్లేయర్' లాంటివి అడుగుతారు. వద్దని గొడవపడటం కన్నా చిన్నవాళ్లు ఇంట్లో లేని సమయం చెప్పండి, మీరూ పక్కన కూర్చోండి.

ఎంపిక వంతులవారీగా ఉండాలి. ఈ వారం తాత, వచ్చే వారం పాప. ఎవరి వంతులోనైనా పది నిమిషాలు అందరూ చూడాలి, ఆ తర్వాతే వద్దనే హక్కు. ఐదేళ్లలోపు వాళ్లను "ఏం చూస్తవ్?" అని అడగొద్దు. రెండు చూపించి ఒకటి ఎంచుకోమనండి. లేకపోతే నిన్న చూసిందే మళ్లీ అడుగుతారు.

7. టీవీని సరిచేయండి

కొత్త టీవీల్లో కదలికను నునుపు చేసే అమరిక ఒకటి ముందే వేసి ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది, పిక్చర్ సెట్టింగ్స్‌లో 'మోషన్' అనే మాట ఉన్నదే అది. కార్టూన్‌కు సెకనుకు 24 ఫ్రేములు, చేతితో గీసినవాటిలో చాలాచోట్ల ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. వాటి మధ్య టీవీ తనంతట తాను బొమ్మలు కల్పిస్తే గీతలు సాగి, అంచులు చెదురుతాయి. ఆ అమరిక ఆపేయండి.

పాత కార్టూన్లు దాదాపు చదరంగా ఉండే తెర కోసం తీసినవి. పెట్టగానే టామ్ పొట్టిగా, లావుగా కనిపిస్తే టీవీ దాన్ని అడ్డంగా సాగదీస్తోందన్నమాట. పిక్చర్ సైజు 4:3కి మార్చండి. పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి.

సౌండ్ మోడ్‌లో 'క్లియర్ వాయిస్' లేదా 'స్పీచ్' ఉంటే పెద్దవాళ్ల కోసం అదే పెట్టండి. అవ్వ కుర్చీ టీవీకి ఎదురుగా, అందరికన్నా ముందుండాలి. గోడకు ఆనించి వెనక వేయొద్దు.

పిల్లల చాప 32 అంగుళాల టీవీకి ఐదారు అడుగుల దూరంలో, 43 అంగుళాలదైతే ఏడు అడుగుల దూరంలో పరవండి. గదిలో ఒక లైటు వెలుగుతుండాలి. ఇది కళ్ల అలసటకే కాదు. 1997 డిసెంబరులో జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకదానిలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మిణుకుమనడంతో దాదాపు 700 మంది పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు, కొందరికి మూర్ఛ వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే మెరుపుల యుద్ధాలున్న యానిమే (జపాన్ కార్టూన్ల) విషయంలో డాక్టర్‌ను అడగనిదే ముందుకు పోవద్దు.

8. యూట్యూబ్, డేటా

యూట్యూబ్‌లో పెట్టాల్సి వస్తే మొదట ఆటోప్లే ఆపండి. మీరు మక్కప్యాలాలు వేయించి తెచ్చేలోపు మూడో వీడియో నడుస్తుంటుంది. తెలిసిన బొమ్మలనే వాడుకుని వెకిలి కథలు అల్లే చానళ్లు చాలా ఉన్నాయి, చానల్ పేరు అసలైనదో కాదో చూడండి. తెలుగులో నీతికథల పేరుతో వచ్చే అత్తాకోడళ్ల బొమ్మల కథలు ఇంకో రకం. పెద్దవాళ్లకు కాలక్షేపం, భాష తెలుగు, అందుకని అందరూ చూస్తుంటారు. కానీ కోడలిని ఏడిపించడం, నల్లగా ఉందనో పేదదనో ఎగతాళి చేయడమే వాటిలో సగం కథ. ఆరేళ్ల ఆడపిల్ల పక్కన కూర్చుని అది చూస్తోందని మరిచిపోవద్దు. చిన్నవాళ్లకు యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో 4 ఏళ్లలోపు, 5–8, 9–12 అని విడిగా పెట్టుకోవచ్చు, టైమర్ కూడా ఉంది.

ఊళ్లో వైఫై లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ నడిపేవాళ్లు లెక్క చూసుకోవాలి. మామూలు నాణ్యతలో గంటకు దాదాపు 1 జీబీ, హెచ్‌డీలో 3 జీబీ దాకా పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉంటే హెచ్‌డీలో అరగంటకే ఆగుతుంది, అదీ కథ మంచి పట్టులో ఉన్నప్పుడు. నాణ్యత 480కి తగ్గించండి. నిండు రంగులు పూసి గీసిన కార్టూన్లు చిన్న టీవీలో ఆ నాణ్యతలోనూ బాగానే కనిపిస్తాయి.

9. దసరాకు అందరూ వచ్చినప్పుడు

బతుకమ్మ సెలవులకు ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు దిగితే ఇల్లు పదిహేను మంది అవుతుంది. అంతమందికి ఒక్కటే కుదరదు, కుదర్చాలని చూడొద్దు. రెండు ఆటలుగా విడగొట్టండి. పూలు పేర్చే పని మొదలవకముందు, మధ్యాహ్నం మూడింటికి చిన్నవాళ్లు, ముసలివాళ్లు: మాటల్లేనివి నాలుగు, అరగంట. బతుకమ్మ ఆడి వచ్చి, తిన్నాక తొమ్మిదింటికి పెద్దపిల్లలు, అమ్మానాన్నలు: సినిమా ఒకటి. చిన్నవాళ్లు నిద్రపోయిన గదికి వినిపించని సౌండ్‌తో.

తినేవి ముందే పంచేయండి. సకినాలు కరకరలాడితే డైలాగులు వినిపించవు, అవి మధ్యాహ్నం ఆటకు పెట్టండి. రాత్రి ఆటకు మక్కప్యాలాలు చాలు. ఐదేళ్లలోపు వాళ్లకు మాత్రం పల్లీలు, మక్కప్యాలాలు రెండూ ఇవ్వొద్దు, నవ్వుతూ తింటే గొంతుకు అడ్డం పడతాయి.

గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసే చోటే, చూసినదాని పేరు, ఎవరు ఎన్నో నిమిషంలో లేచారో రెండు ముక్కలు రాసి ఉంచండి. నాలుగు వారాలకు మీ ఇంటికి ఎంత నిడివి, ఏ భాష, ఏ రకం కుదురుతుందో దాన్ని చూసే చెప్పొచ్చు. సంక్రాంతికి వాళ్లంతా మళ్లీ వచ్చేసరికి ఏది పెట్టాలో వెతుక్కునే పని ఉండదు.